అడిగితే ఏం పోయేది పార్వతీశం?

హాస్య నవల చదివి నవ్వేవాళ్ళంతా ఒకే చోట నవ్వరు. ఈ సంగతి నాకు విమర్శ గ్రంథాలు చెప్పలేదు. మా నరసరావుపేటలో ఒక వేసవంతా ఇల్లిల్లూ తిరిగొచ్చిన పుస్తకం చెప్పింది. మొక్కపాటి నరసింహశాస్త్రిగారి 'బారిష్టర్ పార్వతీశం' అది. మొదటి భాగం వెలువడింది 1924లో. నూరేళ్ళు దాటిన పుస్తకాన్ని ఇంకా అడిగి పట్టుకెళ్ళేవాళ్ళున్నారంటే మాటలు కాదు కదా! నా పుస్తకం ఒక యింట్లో కాఫీ మరక, ఇంకో యింట్లో పసుపు చెయ్యి అంటించుకుని తిరిగొచ్చింది. తెచ్చిచ్చిన ప్రతివారూ దానితోపాటు ఒక తీర్పు కూడా తెచ్చారు. ఆ తీర్పులు వింటూంటే, వీళ్ళంతా చదివింది ఒకే పుస్తకమేనా అని నాకు అనుమానం కలిగింది.

చదవనివారి కోసం నాలుగు ముక్కలు. పార్వతీశం మొగల్తూరు కుర్రవాడు. బారిష్టరు కావాలని బుద్ధి పుట్టింది. ఇంట్లో చెబితే పడనివ్వరని చెప్పకుండానే సీమకు ప్రయాణం కట్టాడు. మన కోటప్పకొండ తిరనాళ్ళకు ప్రభ కదిలినంత ఆర్భాటం అతని మనసులో. ఊరు దాటితే మాత్రం ఏదీ తెలియదు. చెన్నపట్నంలో దర్జా కోసం టోపీ కొంటాడు, తీరా చూస్తే అది ఆడవాళ్ళు పెట్టుకునే టోపీ. లిఫ్టు ఎక్కించి నిలబెడితే, అదొక గది అనుకుంటాడు. ఇలాంటివే ఒకదాని మీద ఒకటి. రాసినాయన మాత్రం ఎడింబరోలో వ్యవసాయశాస్త్రం చదివొచ్చినవారు. ఆ దారంతా ఆయన నడిచిన దారే. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీనితో పని పడుతుంది.

ఇక తీర్పులు. అందరికన్నా ఎక్కువ నవ్వింది మా పక్కింటి వదినగారు. ఆవిడ కూతురి పురిటికి అమెరికా వెళ్ళొచ్చారు. విమానాశ్రయంలో నడిచే మెట్లు చూసి, ఎక్కలేక, వెనకవాళ్ళకి దారివ్వలేక పావుగంట నిలబడిపోయారట. "పార్వతీశం నయం వదినా, వాడికి ఇరవయ్యేళ్ళన్నా లేవేమో. నాకు అరవై!" అని పమిట నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వారు.

మా అత్తగారు అసలు నవ్వనేలేదు. "తల్లికి ఒక్కమాట చెప్పకుండా ఓడెక్కినవాడి కథలో నవ్వేందుకేముందే?" అన్నారు. టోపీ దగ్గరా నవ్వలేదు, లిఫ్టు దగ్గరా నవ్వలేదు. పుస్తకం పొడుగునా ఆవిడ ఎదురుచూసింది ఒక్కదానికే, వాడు ఇంటికి ఉత్తరం ఎప్పుడు రాస్తాడా అని. హాస్య నవలని ఇలా కూడా చదవచ్చునని నాకు అంతవరకూ తోచలేదు.

మాచర్ల నుంచి వచ్చిన మా పెదనాన్నగారిది మరో వరస. సాగరు కాలవలకి 1967లో నీళ్ళొదలకముందు వర్షం కోసం ఆకాశం కేసి చూసిన తరం ఆయనది. డెల్టా వాళ్ళంటే ఆయనకి లోలోపల చిన్న ఉక్రోషం. పుస్తకం మూసి మీసం సవరించుకుని, "అయితే గోదారి కాలవ నీళ్ళు తాగినోళ్ళకి గూడా తెలవనియ్యి ఉంటాయన్నమాట!" అన్నారు. సాహిత్య విమర్శగా ఇది ఎంతవరకు చెల్లుతుందో గాని, మనిషి మాత్రం వారంరోజులు హుషారుగా తిరిగారు.

నన్ను ఆలోచనలో పడేసింది వీళ్ళెవరూ కాదు. గురజాలలో వున్న మా చెల్లెలి కూతురు. కిందటేడు హైదరాబాదులో హాస్టల్లో చేరింది. చేరిన వారంలోనే "యాడికి పోతన్నారు?" అని అడిగిందట. గదిలో వాళ్ళు నవ్వారు. అంతే, అప్పటినుంచీ నోరు తెరిచే ముందు ప్రతిమాటనీ కత్తిరించుకుని మాట్లాడుతోంది పిల్ల. సెలవులకొచ్చి ఈ పుస్తకం సగం చదివి పక్కన పడేసింది. "పెద్దమ్మా, ఇదేం కథానాయకుడు? ఒక్కటి తెలవదు. ఊరోళ్ళని చూసి బస్తీవోళ్ళు నవ్వుకోటానికి రాసినట్టుంది" అంది. కోపంగానే అంది. ఆ కోపానికి సమాధానం చెప్పలేకపోతే, నూరేళ్ళ పుస్తకమైనా సరే, నేను ఇంకొకరి చేతిలో పెట్టడం న్యాయం కాదనిపించింది.

నవ్వులపాలు కావడం పల్నాడుకి కొత్త కాదు. శ్రీనాథుడివని చెప్పుకునే చాటువులు వున్నాయి కదా! ఇక్కడ జొన్నకూడూ నాపరాళ్ళూ పాములూ తేళ్ళూ తప్ప మరేమీ లేవని ఆ మహాకవి వాపోయాడు. రంభ దిగివచ్చినా ఏకులు వడకవలసిందే, మన్మథుడికైనా జొన్నకూడే గతి అని తేల్చేశాడు. పల్నాటి వీరచరిత్రని ద్విపదలో కట్టింది కూడా ఆయనే అంటారు, అది వేరే సంగతి. విచిత్రమేమిటంటే ఆ పద్యాలు ఈనాటికీ ఎక్కువగా చదివేది మనవాళ్ళే. పెళ్ళి పంక్తిలో కూచుని, వరి అన్నం కలుపుకుంటూ, జొన్నకూటి పద్యం రాగం తీసి చదివి నవ్వుతారు. బాగుంది. కానీ ఆ పద్యంలో నవ్వేవాడు విందుకొచ్చిన అతిథి. వచ్చాడు, భోజనం నచ్చలేదు, నాలుగు మాటలని వెళ్ళిపోయాడు. రాళ్ళ మధ్య కాపురం చేసేవాళ్ళ మనసులో ఏముందో ఆయనకి అక్కర్లేదు.

పార్వతీశం కథ అలా కాదు. దాన్ని చెప్పేవాడు పార్వతీశమే. "నేను వెళ్ళాను, నేను కొన్నాను, నేను ఇలా అనుకున్నాను" అంటూ తన భాగవతం తానే విప్పుతాడు. టోపీ కొన్నప్పుడు ఆ పిల్లవాడి గుండెలో ఎంత గర్వం వుందో మనకి ముందు తెలుస్తుంది, తరవాత గాని నవ్వు రాదు. అందుకే ఆ నవ్వులో కాస్త జాలి, కాస్త దగ్గరితనం కలిసివుంటాయి. కన్యాశుల్కంలో గిరీశాన్ని చూసి నవ్వేటప్పుడు మనం జేబు తడుముకుంటాం, వీడు మనకి టోకరా వెయ్యలేదు కదా అని. పార్వతీశాన్ని చూసి నవ్వేటప్పుడు వాడి జేబు గురించి మనకి బెంగ.

ఇంకొకటి. మొక్కపాటివారు నవ్వుతున్నది తెలియనితనం మీద కాదు. తెలియకపోవడం తప్పేమీ కాదు, నూరేళ్ళ కిందట మొగల్తూరులో ఎవరికి తెలుసు లిఫ్టంటే? పార్వతీశం అసలు లోపం ఏమంటే, అడగడు. అడిగితే నామోషీ. తెలిసినవాడిలా మొహం పెట్టి ముందుకు నడుస్తాడు, బోర్లా పడతాడు. ఈ సంగతి మా వీధి ఆడవాళ్ళు పండితులకన్నా ముందు పట్టేశారు. "అడిగితే ఏం పోయేది?" అని దాదాపు అందరూ అన్నారు. అంటూ అంటూ తమ తమ భర్తల వంక చూశారు. తెలియని ఊళ్ళో దారి అడగమంటే అడగకుండా స్కూటరు మీద మూడు చుట్లు తిప్పే మగవాళ్ళు ఏ వీధిలో లేరు చెప్పండి! స్త్రీ పాఠకులకి ఈ నవల ఇంతగా నచ్చడానికి ఇదొక కారణమని నేను గట్టిగా నమ్ముతున్నాను. పెద్ద విమర్శకులు ఒప్పుకోకపోతే మానె.

ఇదంతా మా పిల్లకి చెప్పాను. శ్రద్ధగానే విన్నది. విని, "బాగానే వుంది పెద్దమ్మా. కాని ఆయన ఎడింబరో పోయి, చదివొచ్చి గదా రాసింది? పోయొచ్చినోడికి నవ్వు తేలికే. నేనింకా పోతన్నా" అంది.

కాదనడానికి నాకు నోరు రాలేదు. ఆ మాటలో నిజముంది. పక్కింటి వదినగారు అంతలా నవ్వగలిగింది ఆ మెట్లు ఎక్కి దిగి ఇల్లు చేరారు గనకనే. మెట్ల ముందు నిలబడ్డ ఆ పావుగంటలో ఆవిడకి నవ్వొచ్చి వుంటుందా? హాస్యరచయితకి తన పాట్లు దూరం నుంచి కనబడాలి. చదివేవాళ్ళకీ ఆ దూరం అంతో యింతో వుండాలి. అది లేని చోట మంచి పుస్తకం కూడా గుచ్చుకుంటుంది. అది పుస్తకం లోపమూ కాదు, పిల్ల లోపమూ కాదు. అయితే ఒక మాట మొక్కపాటివారి పక్షాన చెప్పాలి. ఆయన గట్టెక్కాక గట్టుమీద నిలబడి, నీళ్ళలో వున్నవాణ్ణి చూసి నవ్వలేదు. మళ్ళీ దిగి, ఆ కుర్రవాడి నోటితోనే మాట్లాడారు. శ్రీనాథుడు మన జొన్నకూటికి ఆ మాత్రం మర్యాద చెయ్యలేదు.

తరవాతి భాగాల గురించి దాచకుండా చెబుతాను. అవి ఎన్నో ఏళ్ళకి గాని రాలేదు. పార్వతీశం చదువుకున్నాడు, లోకం తెలిసింది, పెళ్ళయింది, దేశం కోసం ఉద్యమంలోకి దిగాడు. అన్నీ మెచ్చుకోదగ్గవే. కాని పేచీ ఎక్కడంటే, వాడు అన్నీ తెలిసినవాడు అయిపోయాక మనకి వాడితో పని తగ్గిపోతుంది. మా వీధిలో మొదటి భాగం కోసం వరసకట్టిన వాళ్ళే రెండోది ఇస్తానంటే "తరవాత చూద్దాంలెండి" అన్నారు. మూడోదాని ఊసు ఎత్తినవాళ్ళే లేరు, ఒక్క మా అత్తగారు తప్ప. ఆవిడ రెండు భాగాలూ ఓపిగ్గా చదివారు. కొడుకు ఇల్లు చేరాడని రూఢి చేసుకున్నాకే కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టారు.

మా చెల్లెలి కూతురు మొన్న మళ్ళీ హైదరాబాదు వెళ్ళింది. నరసరావుపేట 2022లో జిల్లా కేంద్రమైంది గనక, తానిప్పుడు "పల్నాడు జిల్లా" అని గొప్పగా చెప్పుకుంటానంది. మొదటి భాగం సంచీలో పెట్టుకుంది. చదవడానికి కాదట, గదిలో వాళ్ళకి ఇచ్చి ఎక్కడ నవ్వుతారో చూడ్డానికట. మిగిలిన రెండూ మా బీరువాలోనే వున్నాయి. కావలసినవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళొచ్చు. పసుపు చేతులతో తాకినా నేనేమీ అనుకోను.