ఎండతో బేరం

త్ర్యంబకంలో పుట్టిన గోదావరికి, ఇంకా నాసిక్ ఘాట్లు చేరకముందే, గంగాపూర్ దగ్గర ఆనకట్ట అడ్డం వస్తుంది. ఆ జలాశయం పక్కన గుట్టల వాలు మీదా, అటు దిండోరి వైపూ ఎటు చూసినా ద్రాక్షతోటలే. భద్రాచలం, రాజమండ్రి చూడాలంటే ఈ నది ఇంకా వెయ్యి కిలోమీటర్లకు పైగా పోవాలి. ఇక్కడి పంటలో ఎక్కువ భాగం తినే ద్రాక్ష, థామ్సన్ లాంటి గింజలేని రకాలు. వాటి మధ్య అక్కడక్కడా వైన్ కోసమే పెంచే తోటలుంటాయి. ఆ పండ్లు చిన్నవి, లోపల గింజలుంటాయి, సంతలో పెడితే ఎవరూ రెండోసారి చూడరు.

అలాంటి రకాల్లో ఒకటి షెనిన్ బ్లాంక్. దీని పుట్టిల్లు ఫ్రాన్సులోని లువార్ నది లోయ. నాసిక్‌లో దీనితో చేసే తెల్ల వైన్ దుకాణంలో చవక అరలోనే దొరుకుతుంది. సీసా బరువుగా ఉండదు, బంగారు అక్షరాలుండవు, 'రిజర్వ్' అన్న ముద్ర ఉండదు. అయినా మన దేశపు వైన్‌లో పనితనం ఎక్కడుందో చూపించమంటే నేను ముందు ఈ సీసానే తీస్తాను. ఎందుకో చెప్పాలంటే తోటలోంచి మొదలుపెట్టాలి.

ద్రాక్షతీగ చలిదేశపు మొక్క. యూరప్‌లో అది శీతాకాలమంతా ఆకు రాల్చి నిద్రపోతుంది, వసంతంలో లేస్తుంది, ఎండాకాలం దాటాక కాయ పండిస్తుంది. నాసిక్ సుమారు 20 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. ఇక్కడ తీగకు నిద్రే లేదు. దాని మానాన వదిలేస్తే ఏడాది పొడుగునా చిగురిస్తూ, ఏ కాపూ సరిగా పండించకుండా అలసిపోతుంది. కాబట్టి ప్రకృతి ఇవ్వని చలికాలాన్ని రైతు కత్తెరతో తెస్తాడు.

కోత అయిపోయాక ఏప్రిల్‌లో మొదటి కత్తిరింపు. మరాఠీ రైతులు దీన్ని ఖరడ్ ఛాటణీ అంటారు. కొమ్మలన్నిటినీ చిగురు పుట్టే కళ్ళు ఒకటి రెండు మిగిల్చి మొదలంటా కోసేస్తారు. చూసేవాడికి తోట పాడయిందనిపిస్తుంది. ఆ మోడుల నుంచి మండుటెండలో కొత్త కొమ్మలు తన్నుకొస్తాయి. రాబోయే కాపు భవితవ్యం ఇక్కడే తేలుతుంది. ఏప్రిల్, మే నెలల వెలుగు బాగా తగిలిన కంట్లో గుత్తి అణువంత రూపు కడుతుంది. మబ్బు పట్టి వెలుగు చాలకపోతే అదే కన్ను ఉత్త తీగగా మిగిలిపోతుంది. తర్వాత వర్షాకాలం. ఈ నాలుగు నెలలూ తీగ మీద ఆకే తప్ప కాయ ఉండకూడదు, ఉంటే బూజు తెగులు మింగేస్తుంది. రైతు మందు కొట్టుకుంటూ ఆకును కాపాడతాడు.

వానలు వెనకబట్టాక, సెప్టెంబరు చివర్లోనో అక్టోబరులోనో రెండో కత్తిరింపు. ఈసారి మొదలంటా కోయరు, కాపు దాగిన కంటి దాకా కోసి ఆపుతారు. ఏ కొమ్మను ఎన్నో కన్ను దగ్గర కోయాలో చేతికి తెలియాలి. పైన కోస్తే గొడ్డు కన్ను మిగులుతుంది, కింద కోస్తే కాపు నేలపాలవుతుంది. కళ్ళన్నీ ఒకేసారి విచ్చుకోవడానికి హైడ్రోజన్ సయనమైడ్ ద్రావణం చేతి తొడుగులు వేసుకుని పూస్తారు. హైదరాబాదు చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు వేసిన మన రైతులకూ ఏడాదికి రెండు కత్తిరింపుల లెక్క బాగా తెలుసు. ఆ పందిళ్ళున్న నేల చాలావరకు ఇప్పుడు ప్లాట్లయిపోయింది.

యూరప్ పంచాంగాన్ని ఇలా తిరగేయడంలో ఒక లాభం, ఒక గండం ఉన్నాయి. కాయ చలికాలంలో ఎదుగుతుంది. జనవరిలో నాసిక్ రాత్రి ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగే రోజులుంటాయి. ఆ చలి కాయలోని పులుపును నిలబెడుతుంది, అది లాభం. గండమేమిటంటే, ఫ్రాన్సులో పండు ఎండలోంచి చల్లదనం వైపు పండుతుంది, ఇక్కడ చల్లదనంలోంచి ఎండ వైపు పండుతుంది. అక్కడి రైతు కోత నాలుగు రోజులు ఆపితే వానకు భయపడాలి. ఇక్కడి రైతు ఫిబ్రవరిలో నాలుగు రోజులు ఆపితే తీపి ఎగబాకి, పులుపు జారిపోతుంది. పండులోని మాలిక్ ఆమ్లాన్ని వేడి తినేస్తుంది. ఒకసారి పోయిన పులుపు చెట్టు మీద తిరిగి రాదు.

అందుకే కోత దగ్గరపడిన రోజుల్లో వైన్ తయారుచేసే మనిషి ఉదయాన్నే వరసల్లో తిరుగుతూ పండ్లు నములుతుంటాడు. చక్కెర ఎంతో చెప్పే పరికరం జేబులో ఉంటుంది. పరికరం చెప్పనివి నోరు చెబుతుంది: గింజ ఆకుపచ్చ వదిలి గోధుమరంగుకు తిరిగిందా, తోలు ఇంకా వగరేస్తోందా, నమిలాక నాలుక పక్కల జిల్లుమంటోందా. లీటరు రసంలో సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాలు వస్తుంది. రసంలో 200 గ్రాముల చక్కెర ఉంటే వైన్ 12 శాతం దగ్గర తేలుతుంది. ఈ లెక్క ఎవరైనా వేస్తారు. ఆ చక్కెర కోసం ఎంత పులుపు వదులుకోవచ్చో తేల్చుకోవడమే బేరం. షెనిన్ బ్లాంక్‌కు పుట్టుకతోనే పులుపు ఎక్కువ, వేడిలోనూ అది తొందరగా లొంగదు. ఈ ఊరికి ఈ రకం కుదిరిందంటే కారణం అదే.

కోసేది తెల్లవారుజామున, పండు ఇంకా చల్లగా ఉండగానే. తోలు పల్చన, గుత్తి బిగువు, ఒక పండు చిట్లితే పక్కవన్నీ పాడు. అందుకే పొడుగు గంపలు కాకుండా లోతు తక్కువ ట్రేల్లో మోస్తారు. షెడ్డుకు చేరాక అందరూ కలిసి చేసేది ఒకటే పని, వేడిని దరికి రానివ్వకపోవడం. గాలి సంచీ ఉబ్బి మెల్లగా ఒత్తే యంత్రంలో రసం తీస్తారు. గట్టిగా పిండితే గింజ చేదు దిగుతుంది, కాబట్టి చివరి రసాన్ని వేరుగా పెడతారు. తీసిన రసాన్ని చల్లగా నిలబెట్టి మడ్డి దిగనిస్తారు. తేట రసంలో ఈస్టు వేసి, చుట్టూ చల్లటి నీరు తిరిగే ఉక్కు ట్యాంకులో 12 నుంచి 16 డిగ్రీల మధ్య రెండు మూడు వారాలు పులియనిస్తారు. ఇదే రసాన్ని మామూలు గది వేడిలో వదిలితే నాలుగైదు రోజుల్లో పులిసిపోతుంది, వాసనలన్నీ ఆవిరితో పాటే పోతాయి. జామ, పచ్చి ఆపిల్, కర్బూజా అని మనం గ్లాసులో పట్టే వాసనలు ఈస్టు నింపాదిగా పనిచేసినందుకు దక్కిన కూలి.

కొన్ని షెనిన్లలో కాస్త తీపి తగులుతుంది. అది పైనుంచి కలిపిన పంచదార కాదు. పులుపు, తీపి సమానంగా తూగిన గంట చూసి ట్యాంకును గడ్డకట్టేంత చల్లబరిచి, ఈస్టును వడకట్టి, పులియడాన్ని అక్కడికి ఆపేస్తారు. ఒక పూట ముందు ఆపితే పానకం, ఒక పూట ఆలస్యమైతే తీపి మిగలని డ్రై వైన్. ఓక్ పీపా లేదు, ఏళ్ళ తరబడి దాచడం లేదు. పచ్చిపులుసు చేసేవాళ్ళకు ఈ కష్టం తెలుసు. మరిగించడం, మసాలా దట్టించడం లేని చోట తప్పును కప్పడానికి ఏమీ దొరకదు. ఖరీదైన ఎర్ర వైన్ కన్నా ఈ చవక తెల్ల వైన్ నాకు గొప్పగా కనిపించడానికి కారణం ఈ దాపరికం లేనితనమే.

ఇప్పటి మన వైన్ చరిత్ర పెద్దదేమీ కాదు. 1980ల్లో పుణె జిల్లా నారాయణ్‌గావ్ దగ్గర షాటో ఇండాజ్ వాళ్ళు షాంపేన్ పద్ధతిలో బుడగల వైన్ చేశారు. ఆ దశాబ్దం చివర్లో బెంగళూరు పక్కన నంది కొండల దగ్గర కన్వల్ గ్రోవర్ ఫ్రెంచి రకాలు నాటారు. స్టాన్‌ఫర్డ్‌లో చదివి, అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ నాసిక్‌లో కుటుంబపు నేల మీద 1990ల్లో తోట వేశారు. కాలిఫోర్నియా వైన్ నిపుణుడు కెర్రీ డామ్‌స్కీని తోడు తెచ్చుకున్నారు. తల్లి సులభ పేరు మీద సులా అన్నారు. మొదటి సీసాలు 2000లో వచ్చాయి. షెనిన్ బ్లాంక్, సోవిన్యాన్ బ్లాంక్ ఇక్కడ నిలదొక్కుకున్నది వారితోనే. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష ప్రాసెసింగ్ విధానం తెచ్చి పన్ను భారం తగ్గించాక దిండోరి, గంగాపూర్ వైపు మరికొందరు వచ్చారు. మనవాళ్ళ మాట వస్తే, హైదరాబాదు మందుల పరిశ్రమకు చెందిన చిగురుపాటి కృష్ణప్రసాద్ దంపతులు హంపి దగ్గర క్రిస్మా ఎస్టేట్స్ పెట్టి ఎర్ర వైన్ మీద శ్రద్ధగా పనిచేస్తున్నారు. అది వారానికోసారి కొనుక్కునే ధరలో ఉండదు.

ఇక గ్లాసు. మూడో వంతు మించి పోయకండి, వాసన నిలవడానికి చోటు కావాలి. రంగు లేత గడ్డి రంగులో ఉండాలి. ముదురు పసుపుకో గోధుమకో తిరిగిందంటే గాలి తగిలి ముసలిదయిపోయినట్టే. గ్లాసును గుండ్రంగా ఒకసారి తిప్పి ముక్కు పెట్టండి. తడిసిన అట్టపెట్టె వాసన వస్తే కార్కు దోషం, గోళ్ళరంగు వాసనో వెనిగర్ ఘాటో వస్తే బాక్టీరియా చేసిన పాడు. కుళ్ళిన గుడ్డు వాసన లేతగా ఉంటే గాలికి కాసేపు పెట్టండి, చాలాసార్లు పోతుంది. ఏ పండు వాసనో పేరు తట్టకపోయినా ఫరవాలేదు. పుస్తకాల్లో రాసే బ్లాక్‌కరెంట్, గూస్‌బెర్రీ పండ్లు మనలో చాలామంది చూసినవి కావు. జామ వాసన మనకు తెలిసినంత బాగా లండన్ విమర్శకుడికి తెలియదు.

గుక్క నోట్లో పెట్టుకుని రెండు క్షణాలు ఆపి మింగండి. అప్పుడు నాలుక కింద నీరూరుతోందా చూడండి. ఊరితే పులుపు నిలబడింది, అంటే కోత సమయానికి జరిగింది. గొంతులో మంట మిగిలితే పండు ఎక్కువ రోజులు చెట్టు మీద ఉండి ఆల్కహాలు పైచేయి అయింది. తీపి నాలుక మీద కూర్చుండిపోతే పులుపు చాలలేదు. మింగాక పది సెకన్లు గడిచినా రుచి వదలకపోతే ఆ ధరకు అంతకన్నా ఆశించక్కర్లేదు.

ఎర్ర వాటిలో రోజువారీకి షిరాజ్. పెద్ద పేర్ల కాబెర్నే మీద డబ్బు పోసేముందు ఓక్ వాసన లేని మామూలు షిరాజ్ తాగి చూడండి. మిరియం ఘాటు, నేరేడు వగరు ఉండాలి. పచ్చి క్యాప్సికం వాసన వస్తే పండు పక్వానికి రాలేదు. చవక ధరలో ఓక్ గుప్పుమంటుంటే నాకు అనుమానమే. పీపా ఖరీదైనది, ఆ ధరలో వచ్చేది తరచూ చెక్క ముక్కల వాసన.

మన భోజనంతో ఎలాగన్నది అందరూ అడిగే ప్రశ్న. కారాన్ని ఆల్కహాలు, వగరు రెండూ రెచ్చగొడతాయి, తీపి తగ్గిస్తుంది. కాబట్టి గుంటూరు కారం పడ్డ కోడి వేపుడుకి లేత తీపి షెనినే దిక్కు. చేపల పులుసు ముందు పులుపు తక్కువ వైన్ ఏదైనా చప్పబడిపోతుంది, సోవిన్యాన్ బ్లాంక్ నిలుస్తుంది. షిరాజ్‌ను మిరియాలు వేసిన మటన్ వేపుడుకి పెట్టండి. గోంగూర మాంసంతో ఎర్ర వైన్ మాత్రం వద్దు, ఆ పులుపూ ఈ వగరూ కొట్టుకుంటాయి.

కొనేటప్పుడు సీసా మీద సంవత్సరం చూడండి. నాసిక్ షెనిన్ దాచుకుని తాగేది కాదు, నిరుటిదైతే మేలు, మూడేళ్ళు దాటితే వదిలేయండి. మరమూత చూసి చవక సరుకనుకోవద్దు, ఈ రకం వైన్‌కు కార్కు కన్నా అదే మంచిది. తెల్లది ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టి తాగండి, ఎర్రదీ ఓ అరగంట పెట్టండి. పుస్తకాల్లో 'గది ఉష్ణోగ్రత' అని రాసింది మన గదుల గురించి కాదు. మూత తీసిన సీసా ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు బాగుంటుంది.

దుకాణదారులకు ఒక మనవి. తెల్లవారుజామున కోసి, చల్లటి ట్యాంకులో వారాల తరబడి కాపాడిన సరుకు ఇది. విజయవాడలోనో కరీంనగర్‌లోనో మే నెల ఎండ నేరుగా పడే అద్దాల అరలో నిలబెడితే ఆ పనంతా పదిహేను రోజుల్లో పాడవుతుంది. దీపానికీ ఎండకీ దూరంగా లోపలి అరలో పెట్టండి, నాలుగు సీసాలైనా ఫ్రిజ్‌లో ఉంచండి. పాఠకులకు చెప్పేదీ అదే. ఫ్రిజ్ లేని షాపులో ఎండాకాలం తెల్ల వైన్ కొనకండి, అది ఎంత మంచి పేరున్నదైనా సరే.