పరారుణమా, నీకు దండం

పరారుణ కిరణమా! వెన్నెల మీద పద్యాలు కొల్లలు. నీ మీద రాసినవాళ్ళు ఎక్కడా కనపడరు. కంటికి ఆనవు కదా, అందుకేమో.

తోటపల్లి గూడూరు వైపు వస్తే, చీకటి పడే వేళ కోడూరు తీరాన బోర్లించిన పడవ దగ్గర నువ్వు దొరుకుతావు. పడవ అడుగున పూసిన తారు అప్పటికే మసకలో కలిసిపోయి ఉంటుంది. అరచెయ్యి దగ్గరికి తీసుకెళితే చాలు, పగలంతా తాగిన ఎండను అది తిరిగి ఇచ్చేస్తూ ఉంటుంది. ఆ సెగ నువ్వే.

1861 ఏప్రిల్ 17న మద్రాసు వేధశాలలో నార్మన్ పాగ్సన్ ఒక గ్రహశకలాన్ని పట్టాడు. ఈ ఖండం మీద నుంచి కనుగొన్న మొదటిది కాబట్టి ‘ఆసియా’ అని పేరు పెట్టాడు. మా నెల్లూరు అప్పుడు ఆ మద్రాసు కిందే ఉండేది. ఆయన దుర్భిణిలో అదొక చుక్క, అంతే. ఎంత రాయో ఎలా చెబుతాడు? చిన్న తెల్లరాయీ పెద్ద నల్లరాయీ అంత దూరాన ఒక్కలాగే మెరుస్తాయి. వెలుగు నిలువునా మోసం చేస్తుంది.

నువ్వు చెయ్యవు. మీద పడ్డ ఎండలో ఒక రాయి నూటికి 5 పాళ్ళు, ఇంకో రాయి 20 పాళ్ళు వెనక్కి కొట్టాయనుకుందాం. మెరుపులో నాలుగింతల తేడా! మింగింది చూస్తే 95, 80. మింగిందంతా సెగై బయటికి రావలసిందే. ఆ సెగకు రాయి రంగుతో పెద్దగా పని లేదు, దాని ఒడ్డూ పొడుగూ చెప్పేస్తుంది.

1983లో ఐ.ఆర్.ఏ.ఎస్. ఉపగ్రహం నీ చూపుతో దాదాపు ఆకాశమంతా గాలించింది. పాగ్సన్ చుక్క అడ్డుకొలత సుమారు 58 కిలోమీటర్లని లెక్క తేలింది. తోటపల్లి గూడూరు నుంచి కావలి దాకా దాదాపు అంత!

నీకు గిట్టనిది మా తీరపు ఉక్క. గాలిలోని నీటి ఆవిరి నిన్ను దారిలోనే తాగేస్తుంది. టెలిస్కోపు వెచ్చగా ఉన్నా దాని సెగే నీకు అడ్డం. అందుకే హైదరాబాదులో టాటా పరిశోధనా సంస్థ వాళ్ళు 100 సెంటీమీటర్ల టెలిస్కోపును బెలూనుకు కట్టి 30 కిలోమీటర్ల ఎత్తుకు పంపారు, నక్షత్రాలు పుట్టే మబ్బులను చూడ్డానికి. 2009 డిసెంబరులో ఎగిరిన వైజ్ ఉపగ్రహమైతే గడ్డకట్టిన హైడ్రోజన్ మధ్య ఒణుకుతూ పనిచేసింది. ఆ గడ్డ మరుసటి ఏడే కరిగిపోయింది. 2013లో మళ్ళీ నిద్రలేపి నియోవైజ్ అన్నారు, 2024 ఆగస్టు దాకా చాకిరీ చేయించుకున్నారు. లక్షన్నరకు పైగా రాళ్ళను కొలిచింది, 40 సెంటీమీటర్ల అద్దంతో!

భూమి దరిదాపుల్లో తిరిగే, 140 మీటర్లు దాటిన రాళ్ళలో సగానికి పైగా ఇంకా జాబితాకెక్కలేదు. వాటికోసం నీ చూపుతోనే వెతికే నియో సర్వేయర్ టెలిస్కోపు తయారవుతోంది. సూర్యుడి వైపు 15 లక్షల కిలోమీటర్ల దూరాన దాని కాపలా. తొందరగా పని మొదలెట్టు తల్లీ.