రంగస్థలమున సంజయుని స్థానము

నాట్యము చూడదగినదియు వినదగినదియు అయిన క్రీడావస్తువని నాట్యశాస్త్రారంభమున చెప్పబడినది. ఈ రెండింటిలో ఒకటే అందుబాటులో ఉన్న ప్రేక్షకుని మాట ఏమి? అంధునకు సగము నాటకము, బధిరునకు తక్కిన సగము అని సరిపెట్టుకొనుట సులభము. కాని ఆ పంపకము శాస్త్రమునకు సమ్మతము కాదు. ప్రయోగమునకు గౌరవమును కాదు.

భరతుడు రెండవ అధ్యాయమున ప్రేక్షాగృహమునకు కొలతలు నిర్ణయించినాడు. మనుష్యుల మండపము 64 హస్తముల పొడవు, 32 హస్తముల వెడల్పు మించరాదన్నాడు. మించినచో నటుని పలుకు అస్పష్టమగుననియు, ముఖమందలి భావము కానరాదనియు కారణము చెప్పినాడు. అనగా మండపపు పరిమాణమును శాసించినది కట్టించినవాని వైభవము కాదు, ప్రేక్షకుని కన్నును చెవియును. సిద్ధులను గూర్చిన అధ్యాయమున, ఉత్తమ ప్రేక్షకునకు చెదరని ఇంద్రియములు మొదలైన గుణములను చెప్పి, అవి అన్నియు ఒక్కనియందే ఉండవని ఆయనయే ఒప్పుకొన్నాడు. ప్రేక్షకులందరును ఒక్క తీరువారు కారని ఎరిగియే ప్రయోగము సాగవలెనను భావము ఇందు ఇమిడి ఉన్నది.

చూపు లేనివానికి దృశ్యమును మాటగా అందించుట భారతీయ సాహిత్యమునకు కొత్త కాదు. భీష్మపర్వమున వ్యాసుడు చూపునిచ్చెదనన్నను ధృతరాష్ట్రుడు వలదని, యుద్ధమును వినగోరినాడు. ఆ పనికి సంజయుడు నియుక్తుడైనాడు. ధర్మవీర్ భారతి హిందీ నాటకము ‘అంధాయుగ్’లో ఆ సంజయుడే మరల కనిపించును. 1963లో ఇబ్రహీం అల్కాజీ ఈ నాటకమును ఢిల్లీలోని ఫిరోజ్ షా కోట్లా శిథిలములలో ప్రదర్శించినాడు. కూలిన గోడలే కూలిన రాజ్యమునకు ప్రతీకలైనవి. అట్టి ప్రయోగమునకు వచ్చిన అంధ ప్రేక్షకునకు సంజయుని పలుకులు వినబడును. ఆ గోడల సంగతి చెప్పువారెవరు? వేదికపై ఉన్న అంధ రాజునకు సంజయుడున్నాడు, ఎదుట కూర్చున్న అంధునకు లేడు. ఈ వైషమ్యమును విమర్శకులు గమనింపవలసియున్నది.

1981లో వాషింగ్టన్ నగరపు అరీనా స్టేజిలో ఇట్టి సంజయునకు స్థానము లభించినది. సంభాషణల నడిమి విరామములలో వ్యాఖ్యాత నటుల కదలికలను, ఆహార్యమును చెప్పును. ప్రేక్షకుడు చెవిలోని చిన్న యంత్రము ద్వారా వినును. వ్యాఖ్యాత కనబడినది చెప్పవలెను, తీర్పు చెప్పరాదు. పాత్ర కన్నీరు తుడుచుకొన్నదనుట అతని పని, ఆమె పశ్చాత్తాపపడినదనుట ప్రేక్షకుని పని. నాటకకర్త ఉద్దేశించిన మౌనమును అతడు మాటలతో నింపినచో సాయము చేయబోయి రసభంగము చేసినవాడగును. కనుక ఇది కళాజ్ఞానము కోరు పని.

కొన్ని దేశీయ రూపములలో ఈ గుణము సహజముగానే కలదు. భామాకలాపమున సత్యభామ తానెవరో ప్రవేశదరువులో తానే చెప్పుకొనును. హరికథకుడు సభనంతయు మాటతోనే నిర్మించును. కథకళిలో నటుడు పలుకడు. పాటలోని అర్థమును చేతులే చెప్పును. అయినను కథకళి బధిరుల కొరకే పుట్టినదనుట పొరపాటు. ముద్రలు నేర్చుకొనవలసిన సంకేతములు. భారతీయ సంజ్ఞాభాష వేరొక భాష. బధిరునకు ఆ భాష తెలిసిన అనువాదకుడో, తెరపై అక్షరములో కావలెను. అనువాదకుని చీకటి మూలలో నిలిపినచో నటుని చూచుటయా, అనువాదకుని చూచుటయా అని ప్రేక్షకుని కన్ను రెండుగా చీలును. అతని చోటు నటుల సమీపమున, వెలుతురులో ఉండవలెను.

భారతదేశము 2007లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి ఒడంబడిక 30వ అధికరణము నాటకశాలను పేరుతో పేర్కొన్నది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము 29వ సెక్షను సాంస్కృతిక జీవనమున సమాన హక్కును గుర్తించినది. కాని శాసనము వాలుబాటను ద్వారము వరకు వేయగలదు. చక్రాల కుర్చీలోని ప్రేక్షకుడు స్నేహితుల ప్రక్కన కూర్చుండునో, గోడ ప్రక్కన ఒంటరిగా ఉండునో నిర్ణయించువారు నాటకశాలవారే. అంధునకు, బధిరునకు ఏది అందవలెనో నిర్ణయించువాడు దర్శకుడు. ఆ ఆలోచన టిక్కెట్లు అమ్ము నాడు గాక, నాటకము చేతికందిన తొలినాడే ఆరంభము కావలెను. భరతుడు మండపమునకు నూలుతాడు పట్టినపుడు ప్రేక్షకుని తలచినది కూడ, తొలి స్తంభము నిలువకమునుపే.