వాసరి ‘కళాకారుల జీవితములు’ – ఒక దైవశాస్త్ర విమర్శ

పునరుజ్జీవన యుగపు కళాకారులను గూర్చి మనము ఎరిగిన కథలలో అనేకము ఒకే గ్రంథము నుండి వచ్చినవి. లియొనార్డో డావిన్సి ఫ్రాన్సు రాజు చేతులలో ప్రాణము విడిచాడన్నా, ఫ్రా అంజెలికో ప్రార్థించక కుంచె పట్టేవాడు కాడన్నా, సిలువ చిత్రము వేసిన ప్రతిసారి కన్నీళ్లు కార్చేవాడన్నా, ఆ మాటలను లోకమంతట వ్యాపింపజేసినది జార్జో వాసరి. ఆయన వ్రాసిన ‘జీవితములు’ కళాచరిత్ర మాత్రమేనని దైవశాస్త్ర విద్యార్థి ప్రక్కన పెట్టుట తగదని మా అభిప్రాయము. ఇందులో దేవుని వరమును గూర్చిన ఒక సిద్ధాంతమున్నది, పొరుగువానిని గూర్చిన ఒక సాక్ష్యమున్నది. మొదటిది ఎంతవరకు లేఖనానుసారమైనది, రెండవది ఎంతవరకు సత్యమైనది అను రెండు ప్రశ్నలను ఈ వ్యాసములో పరిశీలించెదము.

గ్రంథము, దాని కూర్పులు

వాసరి 1511లో ఇటలీలోని అరెజ్జోలో జన్మించి 1574లో ఫ్లోరెన్సులో మరణించాడు. స్వయముగా చిత్రకారుడు, ఉఫీజీ భవనమును రూపొందించిన వాస్తుశిల్పి. ‘జీవితములు’ మొదటి కూర్పు 1550లో ఫ్లోరెన్సులో తొరెంతినో ముద్రణగా వెలువడి, ఆ నగర ప్రభువైన కోసిమో దె మెడిచికి అంకితమివ్వబడింది. విస్తరించబడిన రెండవ కూర్పు 1568లో జుంతి వారి ద్వారా మూడు సంపుటాలుగా, కళాకారుల ముఖచిత్రాలతో వచ్చింది.

ఆంగ్లములో పాత గ్రంథ ప్రియులు మక్కువతో సేకరించేది గాస్టన్ డు సి. డి వేర్ అనువదించిన పది సంపుటాల సెట్టు. 1912లో లండనులో మాక్మిలన్, మెడిచి సొసైటీ వారు దీని ప్రచురణ ప్రారంభించారు. 500 చిత్రాలు చేర్చబడుటచేత, వాసరి మెచ్చిన పనిని, విమర్శించిన పనిని పాఠకుడు తన కన్నులతోనే చూచి తీర్పు తీర్చుకొనవచ్చును. ఇది ఈ సెట్టు చేసిన గొప్ప మేలు. తరువాత వచ్చిన సంక్షిప్త కూర్పులు ప్రసిద్ధులను ఉంచి చిన్నవారిని విడిచిపెట్టాయి. పూర్తి సంపుటాలలో బొలోన్యా నగరపు శిల్పి ప్రొపెర్జియా దె రోస్సి కూడ ఉన్నది. 1550 కూర్పులో ప్రత్యేక జీవితచరిత్ర పొందిన ఏకైక స్త్రీ ఆమెయే. పెద్దల మధ్య చిన్నవారి పేర్లు కూడ వ్రాయబడుట ఈ గ్రంథములోని మేలైన గుణము.

బెసలేలు వాదన

విగ్రహారాధన నిషేధింపబడినప్పుడు శిల్పము ఎట్లు దైవిక వరమగును? వాసరి తన ముందుమాటలో ఈ ప్రశ్నను తప్పించుకొనలేదు. బంగారు దూడ విషయములో శిక్షింపబడినది ఆరాధనయే గాని శిల్పము కాదనియు, కెరూబులను చేసిన బెసలేలుకు, అహోలీయాబుకు ఆ నైపుణ్యమును దేవుడే అనుగ్రహించెననియు ఆయన వాదించాడు. నిర్గమకాండము 31, 32 అధ్యాయములు ప్రక్క ప్రక్కనే ఉన్నవి గనుక ఈ వాదన బలమైనదే. ఒక అధ్యాయములో ఆత్మ పూర్ణుడైన పనివాడు, తరువాతి అధ్యాయములో పోతపోసిన దూడ. లోహము ఒకటే, చేతిపని ఒకటే. ఎవరి కొరకు అనునదే భేదము.

అయితే వాసరి ఇక్కడ ఒక అడుగు వేయలేదు. బెసలేలు పేరు, గోత్రము, వరము లేఖనములో చెప్పబడినవి గాని అతని కీర్తి చెప్పబడలేదు. పని పూర్తియైన తరువాత మందిరమును నింపినది యెహోవా తేజస్సు. వాసరి పుటలలోనో మందిరమును నింపేది తరచుగా పనివాని కీర్తియే. వరము ఇచ్చినవానిని ముందుమాటలో స్తుతించి, జీవితములలో పొందినవానిని స్తుతించుట ఈ గ్రంథమంతట కనబడే ఒరవడి.

రక్షణ చరిత్రను పోలిన నిర్మాణము

వాసరి కళాచరిత్రను మూడు యుగములుగా విభజించాడు. చిమబూయె, జొట్టో మొదలైనవారిది బాల్యము. మసాచ్చో, దొనతెల్లో, బ్రునెల్లెస్కి కాలము యౌవనము. లియొనార్డో, రాఫెల్, మైఖెలాంజెలో కాలము పరిపూర్ణత. మైఖెలాంజెలో జీవితము ఆరంభములో, మనుష్యుల నిష్ఫల ప్రయాసమును పరలోకము నుండి చూచిన దేవుడు వారిని తప్పు నుండి తప్పించుటకు ఒక ఆత్మను భూమికి పంపినట్లు వ్రాయబడింది. కాలము పరిపూర్ణమైనప్పుడు కుమారుడు పంపబడుటను గూర్చి గలతీ పత్రికలో చదివిన పాఠకునికి ఈ భాష ఎక్కడిదో వెంటనే తెలియును. 1564లో మైఖెలాంజెలో మరణించిన తరువాత, అనేక దినములకు పెట్టె తెరిచినప్పుడు దేహము చెడిపోలేదని, దుర్వాసన లేదని కూడ వాసరి వ్రాశాడు. ఇవి పరిశుద్ధుల చరిత్రలలో కనబడే ఆనవాళ్లు. కళాకారుడు మెల్లగా పరిశుద్ధుని పీఠము ఎక్కుచున్నాడు.

ఆశ్చర్యమేమనగా, ఈ పీఠమును నిరాకరించినది ఆ మైఖెలాంజెలోయే. 1554లో ఆ వృద్ధుడు వాసరికే పంపిన పద్యములో, కళను తన విగ్రహముగా చేసికొనుట పొరపాటని ఒప్పుకొని, సిలువమీది ప్రేమ వైపు తిరిగాడు. వాసరి దానిని దాచలేదు. 1568 కూర్పులో చేర్చాడు. ఆ విధముగా గ్రంథకర్త కట్టిన సిద్ధాంతమునకు గట్టి సమాధానము ఆయన గ్రంథములోనే ఉన్నది. ఇది వాసరి నిజాయితీకి గుర్తని మేము భావిస్తున్నాము.

తొలగించబడిన వాక్యము

రెండు కూర్పులను పోల్చి చదువుట ఎందుకు అవసరమో లియొనార్డో చరిత్ర తెలుపును. అతడు ఏ మతమునకును చేరువకాని విపరీత భావములు కలవాడని, క్రైస్తవుడగుటకంటె తత్త్వవేత్తయగుటనే ఎక్కువగా ఎంచాడని 1550 కూర్పులో ఉన్నది. 1568 కూర్పులో ఆ వాక్యము లేదు. ఈ మధ్యకాలములో, 1563లో, ట్రెంట్ మహాసభ ముగిసి చిత్రములను గూర్చి తీర్మానము చేసింది. తొలగింపునకు కారణమును వాసరి చెప్పలేదు గనుక మేమును తీర్పు చెప్పము. డి వేర్ అనువాదము రెండవ కూర్పును అనుసరించినది గనుక, పది సంపుటాలు చదివినవారు సహితము మొదటి కూర్పును సంప్రదించవలెను.

కస్తాన్యో మీద మోపబడిన హత్య

గ్రంథములోని అతి గంభీరమైన దోషము అంద్రెయా దెల్ కస్తాన్యో చరిత్రలో ఉన్నది. తైలవర్ణ రహస్యము తెలిసిన దొమెనికో వెనెజియానో మీద అసూయతో అతడు రాత్రివేళ మిత్రుని కొట్టి చంపి, మరణశయ్యమీద మాత్రమే ఒప్పుకొన్నాడని వాసరి వ్రాశాడు. కాని పాత పత్రముల ప్రకారము కస్తాన్యో 1457లో మరణించాడు. దొమెనికో 1461లో మరణించాడు. చంపబడినవాడు చంపినవానికంటె నాలుగేండ్లు ఎక్కువ బ్రతికాడు! 1478 నాటి కుట్రదారుల చిత్రములను కస్తాన్యో వేశాడని కూడ వాసరి అంటాడు. అప్పటికి అతడు మరణించి 21 సంవత్సరములు.

ఈ కథ వాసరి కల్పించినది కాదు, అంతకుముందే ప్రచారములో ఉన్నది. అయినను వినినదానిని విచారింపక, సంభాషణతో, ఒప్పుకోలుతో అలంకరించి అచ్చు వేసినవాడు ఆయనే. ఫలితముగా ఒక నిర్దోషి దాదాపు మూడు శతాబ్దములు హంతకుడిగా పేరుపడ్డాడు. అతని చిత్రములలోని కఠినత్వమును కూడ హంతకుని స్వభావమని చదివారు. అతడు 1447లో ఫ్లోరెన్సులోని సాంత అపొల్లోనియా సన్యాసినుల మఠపు భోజనశాలలో ప్రభువు రాత్రి భోజనమును చిత్రించాడు. అందులో యూదా బల్లకు ఇవతల ఒంటరిగా కూర్చున్నాడు. అప్పగించినవానిని అంత స్పష్టముగా చూపిన చేతికే మిత్రద్రోహము అంటగట్టబడింది.

ముగింపు

మన సంఘములలోను దైవజనుల జీవితచరిత్రలు వ్రాయబడుచున్నవి. వాటికి వాసరి రెండు హెచ్చరికలు ఇచ్చుచున్నాడు. పొగడ్తలో మొదటి ఆజ్ఞను, నిందలో తొమ్మిదవ ఆజ్ఞను మరచుట రచయితకు సులభము. పొగడ్త మితిమీరితే మైఖెలాంజెలో వలె ఆ మనుష్యుడే దానిని కాదనవచ్చును. నింద అబద్ధమైతే మృతుడు లేచి కాదనలేడు. ఆ భారము తరువాతి తరమువారి మీద పడును. పాత పత్రములను వెదకి తేదీలను సరిచూచిన పండితులు కస్తాన్యోకు చేసినది కేవలము పరిశోధన కాదు, పొరుగువానికి చేయవలసిన న్యాయము. కాబట్టి ఈ పది సంపుటాలను మన విద్యార్థులు చదువవలెనని, అయితే తేదీల పట్టికను ప్రక్కన పెట్టుకొని చదువవలెనని మేము కోరుచున్నాము.