ఎల్లకు ఆవల వినిపించిన మొర: ‘స్మాల్ బోట్’ నవలలో రక్షకురాలి స్వరం

ఇంగ్లండు చేరాలని ఫ్రాన్సు తీరం నుంచి బయలుదేరిన వలసదారుల గాలి పడవ ఒకటి 2021 నవంబరు 24 తెల్లవారుజామున ఇంగ్లిష్ ఛానెల్‌లో మునిగిపోయింది. 27 మంది మరణించారు. నలుగురి జాడ తెలియలేదు. బతికి బయటపడినవారు ఇద్దరే. ఆ రాత్రి పడవలోనివారు ఫ్రెంచి తీర రక్షణ కేంద్రానికి పలుమార్లు ఫోను చేశారు. మీరున్నది ఇంగ్లండు జలాల్లో కనుక అక్కడివారినే అడగండన్న సమాధానం వచ్చింది. ఈ దుర్ఘటన ఆధారంగా తత్త్వవేత్త వాన్సాన్ దెలక్రువా ఫ్రెంచిలో రాసిన నవల 2023లో వెలువడింది. దానికి హెలెన్ స్టీవెన్‌సన్ చేసిన ఆంగ్లానువాదమే ‘స్మాల్ బోట్’. కన్నడ రచయిత్రి బాను ముష్తాక్‌కు దక్కిన 2025 అంతర్జాతీయ బుకర్ బహుమతి తుది జాబితాలో ఇదీ ఉంది. నేను ఈ నవలను చేరుకున్నది ఆ దారినే.

ఫ్రెంచి శీర్షిక ‘నోఫ్రాజ్’కు నౌకాభంగమని అర్థం. ‘స్మాల్ బోట్’ అన్నది బ్రిటిష్ ప్రభుత్వం వలసల లెక్కల్లో వాడే మాట. విషాదాన్ని సూచించే పేరు అనువాదంలో కార్యాలయ పరిభాషగా మారింది. ఇది మూలానికి ద్రోహమని నేను అనుకోను. ఈ నవల ప్రధానంగా కార్యాలయ భాష గురించినదే.

మొదటి భాగం విచారణ. ఆ రాత్రి ఫోను తీసిన ఉద్యోగిని తన స్వరాన్నే రికార్డింగులో వింటూ, పోలీసు అధికారిణి ప్రశ్నలకు బదులిస్తుంది. మిమ్మల్ని ఎవరూ కాపాడబోరన్న అర్థం వచ్చేలా తాను పలికిన వాక్యం ఆమె ముందుంది. వారిని ఇల్లు విడిచేలా చేసినది తాను కాదంటుంది. కరుణతో చేతులు వణికితే రక్షణ సాగదని వాదిస్తుంది. ఈ వాదాన్ని పాఠకుడు సులభంగా తోసిపుచ్చలేడు. నవల బలం ఇక్కడే ఉంది. శోకం స్థాయిగా కరుణ రసం నిష్పన్నం కావలసిన చోట, కథకురాలి తర్కం మనకూ మృతులకూ మధ్య అడ్డుగా నిలుస్తుంది. మనం మునిగేవారితో కాక, వినేవారితో తాదాత్మ్యం చెందుతాం. ఆ ఇబ్బంది రచయిత ఉద్దేశించినదే.

ఇక్కడ తెలుగు పాఠకునికి పోతన గజేంద్ర మోక్షణం గుర్తుకు రావడం సహజం. లక్ష్మికి చెప్పకుండా, ఆయుధాలు అందుకోకుండా బయలుదేరిన విష్ణువునే మనం ఎక్కువగా తలచుకుంటాం. బ్రహ్మాదులు కూడా ఆ మొర విన్నారనీ, విశ్వమంతా నిండిన తత్త్వం లేకపోవడం వల్లే కదలలేదనీ పోతన చెప్పిన కారణం మీద మన విమర్శ అంతగా నిలవలేదనిపిస్తుంది. విన్నారు, కానీ అది వారి పరిధి కాదు. డోవర్ జలసంధి ఇరుకైన చోట వెడల్పు సుమారు 33 కిలోమీటర్లు. అక్కడ రెండు దేశాల జలాలూ కలిసిపోతాయి. నడుమ ఎవరికీ చెందని సముద్రం లేదు. ఆపదలో ఉన్నవారు ఏ దేశస్థులైనా సాయం అందించాలని 1979 నాటి సముద్ర శోధన, రక్షణ ఒప్పందం చెబుతున్నా, దెలక్రువా కథకురాలు బ్రహ్మాదుల పక్షానే నిలుస్తుంది. ఆమెకు పరిధి ఉంది, విశ్వమయత లేదు.

రెండో భాగం పడవలోకి వెళుతుంది. మునిగినవారికి న్యాయం జరిగింది ఇక్కడేనని వాదించవచ్చు. నాకు మాత్రం ఇక్కడే లోటు కనిపిస్తుంది. ‘నేను’ అనే అధికారం ఫోను తీసినామెకే దక్కింది. ఫోను చేసినవారు ప్రథమ పురుషలోనే మిగిలిపోయారు. మూడో భాగంలో కథనం మళ్ళీ ఆమె వద్దకే చేరడం ఈ అసమానతను స్థిరపరుస్తుంది.

ఆ రెండు పక్షాలూ ఎదురెదురుగా నిలిచేది ఒక్క మధ్యమ పురుషలోనే, అంటే ఫోను సంభాషణలోనే. ఫ్రెంచిలో మధ్యమ పురుషకు ‘నువ్వు’, ‘మీరు’ అన్న భేదం ఉంది. ఆంగ్లంలో అది చెరిగిపోయింది. నవలను తెలుగు చేసేవారు ఆ వాక్యం దగ్గర ఆగక తప్పదు. ‘మీరు’ అంటే ఆమె ఒక గుంపుతోనో, మర్యాద తప్పని అధికారిణిగానో మాట్లాడినట్లవుతుంది. ‘నువ్వు’ అంటే అవతల ఒక మనిషి ఉన్నాడని ఆమెకు తెలిసే అన్నట్లవుతుంది.