హస్తవాసి సిస్టర్‌దే

డాక్టరుగారు రౌండ్స్‌కు వస్తే వార్డంతా సర్దుకుని కూర్చుని దండం పెడుతుంది. రోజంతా కనిపెట్టుకుని ఉండే సిస్టర్‌కు మాత్రం చీవాట్లు: "ఎంతసేపటి నుంచి పిలుస్తున్నాం?"

ఆమె పనితనం తెలియాలంటే సెలైన్ పెట్టేటప్పుడు చూడాలి. వాంతులు, విరేచనాలతో సొమ్మసిల్లిన ముసలమ్మ చేతిలో నరం కంటికి కనబడదు. మోచేతి దగ్గర పట్టీ బిగించి, పిడికిలి మూయమని, వేలికొసతో తడిమి ఆచూకీ పట్టాలి. సూదికి మెత్తటి గొట్టం తొడిగిన కాన్యులాను గుచ్చి, అందులో రక్తం తొంగిచూడగానే సూదిని వెనక్కి తీస్తూ ఆ గొట్టాన్ని మాత్రమే లోపలికి జరపాలి. ఆపైన చుక్కల లెక్క. మిల్లీలీటరుకు 20 చుక్కలు పడే సెట్టుతో అరలీటరు సీసా 4 గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి సుమారు 42 చుక్కలు. గడియారం చూస్తూ సెలైన్ గొట్టం మీది చక్రం తిప్పి సరిచేస్తుంది.

ఆమె అటు వెళ్లగానే, తొందరగా అయిపోతుందని మనవాళ్లెవరో దాన్ని ఇంకాస్త వదులు చేస్తారు! గుండె బలహీనంగా ఉన్నవాళ్లకైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే ఆమె కసిరేది. నన్నడిగితే ఆ కసురు కూడా వైద్యమే.

ఈ పనితనం వెనక జీఎన్‌ఎం డిప్లొమా అయితే 3 ఏళ్లు, బీఎస్సీ నర్సింగ్ అయితే 4 ఏళ్ల చదువుంది. హస్తవాసి మంచిదన్న పొగడ్త మాత్రం డాక్టర్ల ఖాతాలోకే పోతోంది.

మందు ఇచ్చేముందు ఆమె మళ్లీ పేరడిగితే విసుక్కోకండి. ఒకరి మందు ఇంకొకరికి పడకుండా కాచేది ఆ ప్రశ్నే. సెలైన్ చక్రం జోలికి మాత్రం వెళ్లకండి.