రాజీ మీద పేచీ

రెండో శనివారం లోక్ అదాలత్ జరిగితే ఆదివారం పేపర్లో అంకెలు ఖాయం: జిల్లాలో ఇన్ని వేల కేసులు రాజీ. ఆ అంకెలంటే నాకు ఒళ్ళుమంటని ఈ కాలమ్ చదివేవాళ్ళకు తెలుసు. ఎన్ని కుదిరాయో రాస్తారు. ఎన్ని బెడిసికొట్టాయో రాయరు.

బెడిసికొట్టిన రాజీ ఒకటి, అదాలత్‌ది కాకపోయినా, ఈ వారం మా అరుగెక్కింది. కోడూరు అవతలి కౌలు రైతు. పెట్టుబడికి మూడు లక్షలు, నూటికి రెండు రూపాయల వడ్డీకి ప్రోనోటు రాసిచ్చాడు. దావా పడింది, రాజీ కుదిరింది. వడ్డీలో సగం వదిలేస్తారు, మిగతా సొమ్ము ఆరు కిస్తీల్లో కట్టాలి. సంతోషంగా సంతకం పెట్టి బస్సెక్కాడు. రెండో కిస్తీ నాటికి వానకు కుప్పలు తడిశాయి, కట్టలేకపోయాడు. వదిలేసిన వడ్డీతో సహా మొత్తం కట్టమని ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) నోటీసు వచ్చింది. ఒక్క కిస్తీ తప్పినా రాయితీ రద్దని రాజీ మెమో నాలుగో పేరాలో ఉంది. ఆయన చదవలేదు, ఎవరూ చదివి వినిపించలేదు. "అప్పీలు వేద్దాం బాబాయ్" అంటాడు.

ఎక్కడ వేస్తాం? ఇరుపక్షాలూ ఒప్పుకున్న డిక్రీ మీద అప్పీలు లేదంటుంది సివిల్ ప్రొసీజర్ కోడ్ 96వ సెక్షన్. రాజీ చెల్లదని వేరే దావా వేయడానికీ లేదంటుంది ఆర్డర్ 23, రూల్ 3ఏ. మోసమో బలవంతమో జరిగితే, రాజీ నమోదు చేసిన కోర్టుకే వెళ్ళి ఎవరు, ఎలా చేశారో అఫిడవిట్లో విడమర్చాలి. పుష్పాదేవి భగత్ కేసులో 2006లో సుప్రీంకోర్టు తేల్చిన మాట అది. అదాలత్ అవార్డయితే ఆ దారీ లేదు, హైకోర్టులో రిట్ ఒక్కటే. మనవైపు నుంచి వెళ్ళిన భార్గవి కన్‌స్ట్రక్షన్స్ కేసులోనూ 2017లో అదే చెప్పారు. నయం, మనవాడిది మామూలు కోర్టు రాజీ.

ఈ 3ఏ రూలు 1977 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది. ఆ నవంబరు 19న ఉప్పెన. బందరులో నేనప్పుడు కుర్ర ప్లీడరు గుమాస్తాని. కొన్నాళ్ళకు నాగాయలంక వైపు నుంచి ఒక పెద్దాయన ట్రంకుపెట్టె మోసుకొచ్చాడు. మూత తీస్తే ప్రోనోట్లన్నీ అట్టలా అతుక్కుపోయి ఉన్నాయి. ఉప్పునీటికి సిరా కారిపోయి, ఎవరు ఎంతకు రాశారో ఆనవాలు లేదు. "దావాకు పనికిరావండీ" అన్నారు మా ప్లీడరుగారు. ఆయన వెంట వచ్చిన మనిషి అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడ్డాడు. "అందులో ఒకటి నాదేనండి, పన్నెండొందలు. కొత్త నోటు రాసిస్తాను. వడ్డీ మాత్రం ఉప్పెన దాకానే కట్టండి" అన్నాడు. పెద్దాయన తలూపాడు. స్టాంపు అప్పున్నవాడే కొనుక్కొచ్చాడు. దస్తూరీ నాది.

అది గుర్తొచ్చి, "ఇంతకీ వాది ఎవరయ్యా?" అని అడిగాను. గుడివాడలో ఒక విధవరాలు. భర్త పంతులుగారు పోయాక వచ్చిన డబ్బు తిప్పుకుంటోందట. వడ్డీ వ్యాపారులను ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు తిట్టానో లెక్కలేదు గానీ, ఈవిడ ఆ జాబితాలోకి రాదు. సొమ్ము త్వరగా చేతికొస్తుందని సగం వడ్డీ వదులుకున్న మనిషి. చదవకుండా సంతకం పెట్టానన్న ప్రతివాడికీ అప్పీలు ఇస్తే ఆవిడ ఇంకెన్నేళ్ళు తిరగాలి? చట్టాన్ని ఏకిపారేద్దామని కూర్చున్నవాణ్ణి, ఆ తలుపు మూసి ఉండటమే న్యాయమంటున్నాను. నాలుగో పేరా ఎవరూ దాచిపెట్టలేదు. చదవకపోవడం మోసం కిందికి రాదు.

"గుడివాడ వెళ్ళి ఆవిడతో మాట్లాడు" అని పంపాను. గడువిస్తే కాగితం మీద రాయించుకుని, ఇద్దరూ కలిసి కోర్టులో నమోదు చేయించుకోమన్నాను. అప్పున్నవాళ్ళు ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. డిక్రీ అయ్యాక కోర్టు బయట చేతికిచ్చిన సొమ్ము, నమోదు కాకపోతే, ఈపీలో లెక్కకు రాదు. అప్పు తీర్చినవాడు నమోదు కోరడానికి గడువు 30 రోజులు.